వేడెక్కేది ఎప్పుడు? మార్పులు చేసిన జీపులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి ఉన్నాయి. జీపుకు పెద్ద టైర్లు, ఇనుప బంపరు, వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే కరెంటు యంత్రం), వరస దీపాలు బిగించిన తరువాత ఇంజను వేడెక్కడం మొదలైందని రాశారు. పెద్ద రేడియేటర్ వేయించమంటారా అని దాదాపు అందరూ అడిగారు. దానికి జవాబు చెప్పే ముందు నేను తిరిగి అడిగేది ఒక్కటే: బండి గుట్ట మీద పాకుతున్నప్పుడు వేడెక్కుతోందా, రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడా, లేక ఆపి నిలబెట్టిన తరువాతా? ఈ సంగతి రాయని ఉత్తరానికి నేనిచ్చే జవాబు సోది చెప్పినట్టే ఉంటుంది.

ప్రశ్న: అయ్యా, నాది డీఐ ఇంజను ఉన్న పాత కమాండర్ జీపు. తెల్లవారుజామున మారేడుమిల్లి నుంచి గుడిస కొండకు సందర్శకులను ఎక్కిస్తుంటాను. రాజమండ్రి దాకా రోడ్డు మీద ఎంత దూరం పోయినా బండి చల్లగానే ఉంటుంది. కొండ మట్టిదారిలో మొదటి గేరులో పడితే మాత్రం పావుగంటలో ముల్లు ఎర్రగీతకు చేరుతోంది. షెడ్డులో చెప్పారని మూడు వరసల రేడియేటర్ తీసేసి నాలుగు వరసలది వేయించాను, తేడా లేదు. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు విరిగిపోతే ఎప్పుడో తీసి పారేశాను. పోయిన వారం ముల్లు ఎర్రగీత దాకా పోయి ఒక్కసారిగా కిందికి పడిపోయింది. చల్లబడిందనుకుని ఇంకో కిలోమీటరు నడిపాను. తరువాత బానెట్ ఎత్తితే పొగలే పొగలు.
– టూరిస్టు జీపు యజమాని, మారేడుమిల్లి

జవాబు: మీ రోగానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రోడ్డు మీద చల్లగా ఉండి కొండ మీద వేడెక్కే బండిలో నీళ్ల ప్రవాహం సాధారణంగా బాగానే ఉంటుంది, లోటు గాలిది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి దానంతట అదే రేడియేటర్‌లోకి దూసుకువస్తుంది కాబట్టి ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా తెలియదు. కొండ మీద గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో, బండి నిండా మనుషులతో పాకుతున్నప్పుడు ఇంజను నిండు బరువు లాగుతుంటుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు. అప్పుడు రేడియేటర్‌కు ఊపిరి పోసేది ఫ్యాన్ ఒక్కటే.

ఆ ఫ్యాన్ చుట్టూ ఉన్న రేకును మీరు పారేశారు. చూడడానికి అది చెయ్యి తగలకుండా పెట్టిన అడ్డులా కనిపిస్తుంది కానీ దాని అసలు పని వేరు. రేకు లేకపోతే ఫ్యాన్ తన అంచుల దగ్గర, బానెట్ కింద ఉన్న వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ ఉంటుంది. రేడియేటర్ మూలల గుండా గాలి రానే రాదు, ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం మాత్రమే పనిచేస్తుంది. మీరు డబ్బు పెట్టి కొన్న నాలుగో వరస ఈ స్థితిలో మేలు చేయకపోగా కీడు చేసి ఉండవచ్చు, ఎందుకంటే రేడియేటర్ మందం పెరిగిన కొద్దీ దాని గుండా గాలిని లాగడం ఫ్యాన్‌కు కష్టమవుతుంది. బలహీనమైన ఫ్యాన్ ముందు మందపాటి రేడియేటర్ పెట్టడమంటే, ఆయాసపడేవాడి ముక్కుకు దుప్పటి చుట్టడమే.

కాబట్టి ముందుగా రేకు పని చేసే మిస్త్రీ దగ్గర కొత్త కవచం చేయించండి. అది రేడియేటర్ నాలుగు అంచులకూ సందు లేకుండా అతుక్కోవాలి. ఫ్యాన్ రెక్కల లోతులో సగం రేకు లోపల, సగం బయట ఉండేలా చూడాలి. రెక్కల చివరకూ రేకుకూ మధ్య సందు ఎంత తక్కువైతే అంత మంచిది కానీ గతుకుల్లో ఇంజను ఊగుతుంది కాబట్టి సుమారు ఒక అంగుళం వదలండి. ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చచ్చుబడి ఉంటే వాటిని ముందు మార్చండి, లేకపోతే మొదటి గతుకులోనే రెక్కలు రేకును కోసేస్తాయి. ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకంటే బాగా ఎక్కువ దిగితే ఎత్తు మీద బెల్టు జారుతోందని అర్థం. ఇంజను వేడిగా నడుస్తున్నప్పుడు ఒక వార్తాపత్రిక కాగితాన్ని గ్రిల్లు మీద ఉంచి చెయ్యి తీసేయండి. కాగితం అక్కడే అంటుకుని ఉంటే గాలి లాగుతున్నట్టు, జారి పడిపోతే లాగనట్టు. కాగితాన్ని మధ్యలోనే కాకుండా నాలుగు మూలల దగ్గర కూడా పెట్టి చూడండి, రేకు విలువ మీకే తెలుస్తుంది.

గుడిస అంటే గడ్డి మైదానం కనుక మీకు ఇంకో ఇబ్బంది కూడా ఉండవచ్చు. గడ్డి గింజలు, పురుగులు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుని, వాటి మీద ఎర్రమట్టి పడి, వాన తడికి పిడకలా గట్టిపడతాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉన్నట్టు ఉంటుంది. ఇంజను చల్లారాక రేడియేటర్ వెనుక ఒక దీపం పెట్టి ముందు నుంచి చూడండి, వెలుతురు రాని చోట గాలి కూడా రాదు. కడిగేటప్పుడు నీళ్లను ఇంజను వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. సర్వీసింగ్ సెంటర్లలో బండ్లు కడిగే గట్టి ధార వద్దు, పలుచని రెక్కలు వంగి గాలిదారి శాశ్వతంగా మూసుకుపోతుంది. సబ్బునీళ్లలో ఒక గంట నాననిచ్చి, తోటకు నీళ్లు పెట్టే పైపుతో మెల్లగా కడిగితే చాలు.

డ్రైవింగు గురించి కూడా ఒక మాట. ఎత్తు మీద ఇంజను గుర్రుగుర్రుమంటూ, ఆగిపోబోతున్నట్టు తక్కువ చుట్లతో లాగుతుంటే వేడి ఎక్కువ పుడుతుంది, పైగా ఫ్యాన్, వాటర్ పంపు రెండూ ఇంజనుతో పాటే నెమ్మదిస్తాయి. మీ జీపుకు ఫోర్ వీల్ ఉంటే మొదటి నుంచే ‘ఫోర్ లో’లో, అంటే నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, బలంగా తిప్పే గేరులో వేసి రెండో గేరులో ఎక్కండి. ఇంజను హాయిగా తిరుగుతుంది, ఫ్యాన్ కూడా గట్టిగా తిరుగుతుంది.

ముల్లు పడిపోయిన సంగతి చివరికి వదిలాను కానీ అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ముల్లును కదిలించే సెన్సార్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు మరిగి బయటికి పోయి సెన్సార్ చుట్టూ ఆవిరి మాత్రమే మిగిలితే ముల్లు కిందికి దిగవచ్చు. ఎర్రగీత నుంచి ఒక్కసారిగా పడిన ముల్లును చూసి చల్లబడిందని అనుకోకూడదు, నీళ్లు అయిపోయాయని అనుకుని అక్కడికక్కడే ఇంజను ఆపాలి. ఆ కిలోమీటరు ప్రయాణంలో హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే పొర) దెబ్బతినలేదని తేల్చుకోవడానికి, ఉదయం చల్లటి ఇంజను మీద రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేసి లోపలికి చూడండి. మొదట్లో ఒకటి రెండు బుడగలు రావచ్చు. ఎడతెగకుండా వస్తుంటే, లేదా ఆయిల్ పుల్ల మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే, మళ్లీ సందర్శకులను ఎక్కించకముందే హెడ్ విప్పించాలి.

ప్రశ్న: నా థార్ 2021 డీజిల్ బండి. 33 అంగుళాల టైర్లు, ముందు ఇనుప బంపరు, దాని మీద వరస దీపాలు, కింద ఇంజనుకు రక్షణగా మందపాటి ప్లేటు, పైన లగేజీ రాక్ వేయించాను. కంప్యూటరు ట్యూనింగు కూడా చేయించాను. అనంతగిరి అడవి దారుల్లో ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లినప్పుడు డ్యాము దగ్గరికి దిగి మళ్లీ ఎక్కేటప్పుడు ఏసీ దానంతటదే ఆగిపోయి, ఇంజను బలం తగ్గిపోయింది. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. కంపెనీ సర్వీసులో లోపమేమీ లేదన్నారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: మీది మారేడుమిల్లి మిత్రుడి సమస్యకు సరిగ్గా తిరగేసిన సమస్య. పాకేటప్పుడు చల్లగా ఉండి, వేగంలోనూ ఎత్తులోనూ వేడెక్కుతోంది కాబట్టి ఫ్యాన్ పనిచేస్తోంది. ఇంజను పుట్టించే వేడి పెరిగింది, దానిని మోసుకుపోయే దారి ఇరుకైంది.

వేడి ఎందుకు పెరిగిందో లెక్క చూడండి. మీ బండితో వచ్చే 245/75 ఆర్16 టైరు ఎత్తు సుమారు 30.5 అంగుళాలు. 33 అంగుళాలది వేస్తే చక్రం ఎనిమిది శాతం పెద్దదవుతుంది, అంటే ప్రతి గేరూ అంత మేర బరువెక్కినట్టే. టైరు బరువు, బంపరు, ప్లేటు, రాక్, దాని మీది సామాను అదనం. వీటన్నిటినీ లాగడానికి ట్యూనింగు ద్వారా ఇంజనులోకి ఎక్కువ డీజిల్ పోయించారు. మండిన డీజిల్‌లోని శక్తిలో స్థూలంగా మూడో వంతే చక్రాలకు ఉపయోగపడుతుంది, ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగాన్ని రేడియేటర్ బయటికి పంపాలి. కంపెనీ ఆ రేడియేటర్‌ను 130 హార్స్‌పవర్ ఇంజను కోసం కొలిచి పెట్టింది. మీరు పాతిక శాతం బలం పెంచితే ఘాట్ రోడ్డులో నిండుగా తొక్కినప్పుడు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది.

ఇక దారి సంగతి. వరస దీపాలు గ్రిల్లుకు ఎదురుగా ఉంటే అవి కప్పిన మేర మాత్రమే గాలి ఆగుతుందని అనుకుంటాం కానీ వాటి వెనుక సుడులు తిరిగి ఇంకా ఎక్కువ భాగం పాడవుతుంది. అంతకంటే నేను అనుమానించేది బంపరు మార్చినప్పుడు పోయిన చిన్న చిన్న వస్తువులను. కంపెనీ బంపరు వెనుక, రేడియేటర్ పక్కలకూ పైకీ నల్లటి ప్లాస్టిక్ పలకలు, స్పాంజి పట్టీలు ఉంటాయి. వాటిని విప్పినవారు మళ్లీ బిగించడం అరుదు. "ఇవి ఉత్త ప్లాస్టిక్కే సార్" అని పక్కన పడేస్తారు. గ్రిల్లులోంచి వచ్చిన గాలిని పక్కలకు తప్పించుకోనివ్వకుండా రేడియేటర్ గుండానే తోలేవి అవే. గాలికి దగ్గర దారి దొరికితే సన్నటి రెక్కల మధ్య నుంచి దూరి పోవలసిన అవసరం దానికి ఏముంది? వెనుకకు వచ్చిన వేడి గాలి కిందికి దిగి బయటపడాలి, అక్కడ మీ మందపాటి ప్లేటు అడ్డుగా ఉంది. రంధ్రాలు లేని ప్లేటయితే బానెట్ కింద గాలి చిక్కబడి, ముందు నుంచి వచ్చే గాలిని వెనక్కి నెడుతుంది.

కొందరు మిత్రులు ఈ స్థితిలో బానెట్ వెనుక అంచు కింద వాషర్లు పెట్టి అంగుళం పైకి లేపుతారు. పాకేటప్పుడు వేడి బయటికి పోవడానికి అది కొంత పనికొస్తుంది. వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి గాలి లోపలికే దూరి, రేడియేటర్ గుండా రావలసిన గాలికి ఎదురు నిలుస్తుంది. మీ విషయంలో అది చెడుపే.

పలకలను, పట్టీలను తిరిగి సంపాదించి బిగించండి. దీపాలను గ్రిల్లు ఎదురు నుంచి తీసేయండి. కింది ప్లేటుకు గాలి దిగే చీలికలు పెట్టించండి. ఇవన్నీ చేశాక కూడా ఘాట్‌లో వేడెక్కితే ట్యూనింగును వెనక్కి తీసుకోండి. పెద్ద రేడియేటర్ ఆలోచన ఆ తరువాతే.

ముల్లు మధ్యలోనే ఉందని ఆశ్చర్యపోనవసరం లేదు. చాలా కొత్త బండ్లలో ముల్లు సుమారు 80 నుంచి 105 డిగ్రీల దాకా ఒకే చోట కదలకుండా ఉండేటట్టు చేస్తారు, లేకపోతే ప్రతి ఘాట్‌లోనూ యజమానులు కంగారుపడి సర్వీసుకు ఫోన్ చేస్తారు. ఏసీ ఆగడం, బలం తగ్గడం మీ బండి తనను తాను కాపాడుకున్న పద్ధతి. బండి కంప్యూటరులోని సమాచారం చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న స్కానర్ ఒకటి కొని, ఫోనులో అసలు డిగ్రీలు చూస్తూ నడపండి. మార్పులు చేసిన బండికి వరస దీపాలకంటే ముందు కొనవలసింది అదే అని నా అభిప్రాయం.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ముందు బిగించే బుల్ బార్లపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. వేడి తగ్గడానికైనా, చలాను తప్పడానికైనా ముందుగా తీయవలసింది అదే ఇనుము.

ప్రశ్న: ఎండాకాలం థర్మోస్టాట్ తీసేస్తే ఇంజను చల్లగా ఉంటుందని మా మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– రైతు, అనంతపురం

జవాబు: అనంతపురం ఎండలో ఆ మాట నమ్మాలనిపిస్తుంది కానీ నమ్మకండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు ఉంటాయి: వేడెక్కాక రేడియేటర్ దారి తెరవడం, అదే సమయంలో రేడియేటర్‌కు పోకుండా ఇంజనులోనే తిరిగే అడ్డదారిని మూయడం. దానిని తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వస్తుంది. నిండు బరువు మీద ఇంజను మరింత వేడెక్కుతుంది. తేలికగా నడిచేటప్పుడేమో వేడి సరిపోక డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అనుమానం ఉంటే థర్మోస్టాట్ విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. దాని మీద 82 అని ఉంటే ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. మీ ప్రాంతపు బోరు నీళ్లు మాత్రం ఇంజనులో పోయవద్దు, సున్నం పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. షాపుల్లో బ్యాటరీ నీళ్లు అని అమ్మే డిస్టిల్డ్ వాటరే కూలెంటులో (నీళ్లు త్వరగా మరగకుండా, తుప్పు పట్టకుండా వాడే ద్రవంలో) కలపండి.

ప్రశ్న: విజయవాడ నుంచి నలుగురం రెండు పాత థార్‌లలో లద్దాఖ్ వెళ్లి ఉమ్లింగ్ లా ఎక్కాలనుకుంటున్నాం. అక్కడ చలి కాబట్టి ఇంజను వేడి గురించి ఆలోచించనవసరం లేదని ఒకరు, అంత ఎత్తులో నీళ్లు త్వరగా మరుగుతాయి జాగ్రత్త అని ఒకరు అంటున్నారు.
– వ్యాపారి, విజయవాడ

జవాబు: ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. ఉమ్లింగ్ లా 19,024 అడుగుల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి విజయవాడలో ఉన్నదానిలో సుమారు సగం, కాబట్టి తెరిచిన గిన్నెలో నీళ్లు 81 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం ఉడకకపోవడానికి కారణం అదే. మీ రేడియేటర్ మాత్రం తెరిచిన గిన్నె కాదు, ప్రెషర్ కుక్కరు. 0.9 బార్ అని రాసి ఉన్న మూత బయటి గాలి కంటే అంత ఎక్కువ ఒత్తిడిని లోపల నిలుపుతుంది. విజయవాడలో ఆ మూత కింద ఉత్త నీళ్లు 118, 119 డిగ్రీల దాకా మరగవు. ఉమ్లింగ్ లాలో అదే మూత కింద 109 దగ్గర మరుగుతాయి. అంటే మీ చేతిలోంచి జారిపోయేది పది డిగ్రీల వెసులుబాటు. సగం కూలెంటు, సగం నీళ్లు కలిపితే ఏడెనిమిది డిగ్రీలు తిరిగి దక్కుతాయి. మూత రబ్బరు ఎండి ఒత్తిడి నిలపకపోతే మాత్రం 81 డిగ్రీల లెక్కే మీకు వర్తిస్తుంది. ఇంజను నడవవలసిన వేడే 85, 90 డిగ్రీలు కదా! కాబట్టి బయలుదేరే ముందు కొత్త మూతలు రెండు కొనండి. ప్రయాణం మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే వస్తువు ఇంకొకటి ఉండదు.

గాలి చల్లగా ఉండడం మీకు లాభమే. అది పలుచగా ఉండడం వల్ల ఆ లాభంలో చాలా భాగం పోతుంది, ఎందుకంటే ఫ్యాన్ అన్నే చుట్లు తిరిగినా రేడియేటర్ గుండా పోయే గాలి బరువు దాదాపు సగమే. టర్బో ఇంజను పలుచని గాలిని కుక్కుకుని బలాన్ని కొంతవరకు నిలబెట్టుకుంటుంది, అంటే వేడిని కూడా నిలబెట్టుకుంటుంది. రేడియేటర్‌కు అలాంటి సౌకర్యం లేదు.

కూలెంటు మరో కారణానికి కూడా తప్పనిసరి. రాత్రి ఉత్త నీళ్లు గడ్డకడితే వ్యాకోచించి ఇంజను బ్లాకునే చీల్చగలవు. సగం సగం మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. దారిలో నీళ్లు తగ్గినప్పుడల్లా వాగు నీళ్లు పోసుకుంటూ పోతే లేహ్ పట్టణం చేరేసరికి మిశ్రమం పలుచబడిపోతుంది. కలిపి ఉంచిన కూలెంటునే రెండు డబ్బాలు వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఫీనిక్స్‌లో ఉంటున్నాను. 2014 రాంగ్లర్ పాతది కొని సెడోనా రాతి దారుల్లో తిప్పుతున్నాను. ఎండ 110 ఫారెన్‌హీట్ దాటుతోంది కదా అని కూలెంట్ తగ్గినప్పుడు నీళ్లు కలపకుండా ఆకుపచ్చ కూలెంటే నేరుగా పోశాను. ఇప్పుడు డబ్బాలో గోధుమరంగు జిగురు కనిపిస్తోంది.
– ఒక ప్రవాసాంధ్రుడు, అరిజోనా

జవాబు: రెండు పొరపాట్లు ఒకే చేత్తో జరిగాయి. రాంగ్లర్‌కు 2012 మోడల్ దాకా ఒక జాతి కూలెంట్, 2013 నుంచి వేరొక జాతి కూలెంట్ వాడారు. వీటిలోని తుప్పు నిరోధక రసాయనాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే మీరు చూసిన జిగురు తయారవుతుంది. రంగును బట్టి జాతిని తేల్చలేం, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు కలుపుతుంది. బండి పుస్తకంలో రాసి ఉన్న ప్రమాణం సంఖ్య సీసా మీద ఉందా లేదా అన్నదే చూడాలి.

రెండోది, చిక్కటి కూలెంట్ ఎక్కువ చల్లబరుస్తుందనే భ్రమ. వేడిని మోయడంలో నీళ్లను మించినది లేదు. కూలెంట్‌లోని గ్లైకాల్ ఒక్కటే అయితే, నీళ్లు మోసే వేడిలో సుమారు అరవై శాతమే మోయగలదు. మరిగే స్థానం పెంచడానికి, గడ్డకట్టకుండా ఉంచడానికి, తుప్పు పట్టకుండా కాపాడడానికి మాత్రమే దానిని కలుపుతాం. మీ ఎడారిలో కూడా సగం సగమే సరైనది. మొత్తం ఖాళీ చేయించి, హీటర్ గొట్టాలతో సహా డిస్టిల్డ్ నీళ్లతో తేటగా వచ్చేదాకా కడిగించి, సరైనది నింపించండి. నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తులో ఉండేటట్టు ఏటవాలుగా నిలబెట్టి, క్యాబిన్ హీటర్ పూర్తిగా తెరిచి ఉంచితే లోపల గాలి ఇరుక్కోదు.

ప్రశ్న: నా జిప్సీ 1300కు ఇంజను మీది ఫ్యాన్ తీసేసి, స్క్రాపులో దొరికిన కారు కరెంటు ఫ్యాన్ రేడియేటర్‌కు ముందు వైపు బిగించాను. మామూలుగా బాగుంది. వానాకాలంలో బురదలో దిగబడిన స్నేహితుడి బండిని వించ్‌తో లాగుతుంటే నీళ్లు మరిగాయి.
– ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

జవాబు: వించ్ నిండు బరువు లాగుతున్నప్పుడు 400 ఆంపియర్ల దాకా కరెంటు తాగుతుంది. మీ ఆల్టర్నేటర్ ఇవ్వగలిగేది దానిలో చిన్న భాగమే, మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. వోల్టేజి 14 నుంచి పదిన్నరకు పడితే ఫ్యాన్ గాలి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. బండి కదలకుండా నిలబడి, ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతూ, గాలి అత్యవసరమైన ఆ నిమిషంలోనే ఫ్యాన్ నీరసపడుతుంది. ఇంజనుతో తిరిగే ఫ్యాన్‌కు ఈ బాధ లేదు, అందుకే వించ్ ఉన్న బండికి పాత ఫ్యానే మంచిదని నేను అంటాను.

కరెంటు ఫ్యానే కావాలంటే దానిని రేడియేటర్ వెనుక, రేకు కవచంతో సహా పెట్టండి. ముందు పెట్టిన ఫ్యాన్ రెక్కలు, చట్రం, మోటారు అన్నీ ఎదురుగాలికి అడ్డే. లాగడానికి చేసిన ఫ్యాన్‌ను నెట్టడానికి వాడేవారు చాలామంది వైర్లు తారుమారు చేసి సరిపెట్టుకుంటారు. అలా చేస్తే గాలి దిశ మారుతుంది కానీ రెక్కల వంపు వెనుకముందై సగం బలం పోతుంది. మీది ఆ కేసు అవునో కాదో రెక్కలు చూసి తేల్చుకోండి. మందపాటి వైరు, రిలే, ఫ్యూజు తప్పనిసరి. వించ్‌తో లాగేటప్పుడు ఒక నిమిషం లాగి రెండు మూడు నిమిషాలు ఆగండి. వించ్ మోటారుకూ ఆ విరామం అవసరమే.

కరెంటు ఫ్యాన్ వల్ల మీ ప్రాంతంలో ఒక లాభం ఉంది. వాగు దాటే ముందు దానిని స్విచ్‌తో ఆపేయవచ్చు. ఇంజనుతో తిరిగే ఫ్యాన్ లోతు నీళ్లలో పడవ పంకాలా ముందుకు వంగి రేడియేటర్‌ను కోసిన సందర్భాన్ని నేను కళ్లారా చూశాను. ఆ రోజు నీళ్లు లోపలికి దూసుకురాకుండా గ్రిల్లు ముందు ఒక టార్పాలిన్ ముక్క కట్టి ఉంటే సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం, కట్టకపోవడం వల్ల మర్నాడు మధ్యాహ్నం ట్రాక్టరు వెనుక చేరాం. ఒడ్డు చేరగానే స్విచ్ తిరిగి వేయడం మరవకండి.

ప్రశ్న: మావారు సెలవు రోజుల్లో స్నేహితులతో జీపులో కొండలకు వెళతారు. పోయినసారి వేడి రేడియేటర్ మూత తీసి చెయ్యి కాల్చుకున్నారు. ఎంతసేపు ఆగితే మూత తీయవచ్చు?
– గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, గడియారం కంటే పై హోస్ పైపు నమ్మదగినది. దానిని మందపాటి గుడ్డతో పట్టుకుని నొక్కితే రాయిలా ఉందంటే లోపల ఒత్తిడి ఉన్నట్టు. మెత్తగా నొక్కుకుపోయి, ఒట్టి చేత్తో హాయిగా పట్టుకోగలిగే వరకు ఆగాలి. దానికి ముప్పావుగంట పట్టవచ్చు. లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా ఒత్తిడి వల్లే మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, ఆ నీళ్లలో కొంత భాగం ఆవిరిగా మారి మిగతాదాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. కొత్త బండ్లలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మీద ఉండే మరల మూత కూడా చాలా వాటిలో ఇంతే ప్రమాదకరం.

ముల్లు పైకి పోతుండగానే, నీళ్లు ఇంకా బయటికి పోకముందే ఏసీ ఆపి, క్యాబిన్ హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, బ్లోయర్‌ను గట్టిగా తిప్పమనండి. కర్నూలు ఎండలో అది శిక్షలా ఉంటుంది కానీ హీటర్ ఒక చిన్న రేడియేటర్‌గా పనిచేసి ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. ఆవిరి కనిపిస్తే మాత్రం వెంటనే ఇంజను ఆపేయాలి. చల్లారాక నీళ్లు పోసేటప్పుడు ఇంజను స్టార్టు చేసి, గ్లాసుతో కొద్దికొద్దిగా పోయాలి. వేడి ఇంజనులోకి బిందెడు చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ పగలవచ్చు.

చెయ్యి మళ్లీ కాలితే టూత్‌పేస్టు, సిరా పూయకుండా, ఉంగరం ఉంటే వెంటనే తీసేసి, ధారగా పడే మామూలు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. కొండల మీద కుళాయి ఉండదు కాబట్టి జీపులో ఇంజను కోసం పెట్టే నీళ్ల డబ్బాకు తోడు ఇంకొక డబ్బా మంచినీళ్లు పెట్టించండి.